మీటరు నుంచి బకెట్టు దాకా: తీగల్లో శక్తి ఎలా చేరుతుందో ఇంట్లోనే కొలిచి చూద్దాం

డిసెంబరులో ఒక పొద్దున బాత్రూము వైపు నుంచి కాలిన వాసన వచ్చింది. వెళ్లి చూస్తే బకెట్టులో హీటర్ రాడ్ బాగానే ఉంది, నీళ్లు కూడా వేడెక్కాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ప్లగ్గు పెట్టిన చోట మాత్రం ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, ఒక పిన్ను పక్కకు వాలిపోయింది. అమ్మ వచ్చి చూసి ఒకటే అడిగింది: "కాగాల్సింది నీళ్లు కదరా, ప్లగ్గెందుకు కాగింది?"

"లూజ్ కాంటాక్ట్" అని చెప్పి తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. వైరులోనూ, ప్లగ్గులోనూ, రాడ్డులోనూ పోయేది ఒకే కరెంటు. మరి ఒకచోట ప్లాస్టిక్ కరిగేంత వేడి, పక్కనే ఉన్న వైరులో చేతికి కూడా తెలియనంత వేడి ఎందుకు? అసలు మీటరు దగ్గర నుంచి నీళ్ల దాకా శక్తి ఏ దారిన వస్తోంది? ఆ దారినే మెట్టు మెట్టుగా వెళ్దాం. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఇంటి కరెంటు మీటరు, ఫోన్లో స్టాప్‌వాచ్, 15 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, 1500 వాట్ల హీటర్ రాడ్, 100 డిగ్రీల దాకా చూపే థర్మామీటరు. జ్వరం చూసేది పనికిరాదు. మూడో మెట్టుకు టంగ్ టెస్టర్ (తీగను తెంచకుండా చుట్టూ పట్టించి కరెంటు కొలిచే పరికరం) కావాలి, అది ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది.

రాడ్ విషయంలో మొహమాటం వద్దు. నీళ్లలో పెట్టాకే స్విచ్ వెయ్యాలి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోవాలి. ఇనుప బకెట్టు వాడొద్దు. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టులోనే పెట్టాలి. మా ఇంట్లో జరిగిన మొదటి తప్పు అదే: 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఆరున్నర ఆంపియర్లు లాగే రాడ్ తగిలించాం.

మెట్టు 1: మీటరు మిణుకులు లెక్కపెట్టండి

డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ సంఖ్య 3200. మీది 1600 గానీ 6400 గానీ అయితే కింది లెక్కల్ని ఆ మేరకు మార్చుకోండి.

ఒక యూనిట్ అంటే 1000 వాట్ల పరికరం గంటసేపు వాడే శక్తి, అంటే 36 లక్షల జౌళ్లు. దాన్ని 3200తో భాగిస్తే 1125. మీటరు ఒక్కసారి మిణికిందంటే మీ ఇంట్లోకి 1125 జౌళ్లు వచ్చాయన్నమాట. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే వెలుగుతుంటే 125 సెకన్లకు ఒక మిణుకు. ఓపిక ఉంటే చూడండి, రెండు నిమిషాలు మీటరు ముందు నిలబడటం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇప్పుడు ఇంట్లో అన్నీ ఆపేయండి. ఫ్రిజ్, వైఫై, ఇన్వర్టర్ కూడా. రాడ్ ఒక్కటే వేసి, నిమిషానికి ఎన్ని మిణుకులో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను 18.75తో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. 1500 వాట్ల రాడ్‌కు 80 రావాలి.

మా ఇంట్లో 72 వచ్చాయి. అంటే 1350 వాట్లు. ముందు రాడ్ అమ్మినవాణ్ణి అనుమానించాను గానీ తప్పు వాడిది కాదు. రాడ్ మీద రాసే 1500 వాట్లు 230 వోల్టుల దగ్గర లెక్క. వోల్టేజీ కొంచెం తగ్గితే వాట్లు దాని వర్గం లెక్కన తగ్గుతాయి. 1350 వచ్చాయంటే ఆ పొద్దున మాకు అందుతున్నది 218 వోల్టులే. వీధిలో అందరూ ఒకేసారి గీజర్లు వేసే వేళ అది.

మెట్టు 2: నీళ్లకు ఎంత చేరిందో చూడండి

ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4186 జౌళ్లు కావాలి. 15 లీటర్లను 25 నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 12.56 లక్షల జౌళ్లు. మిణుకుల్లో చెప్పాలంటే 1116.

నాకు 1200 మిణుకులు పట్టాయి, టైము 16 నిమిషాల 40 సెకన్లు. వచ్చిన దాంట్లో 93 శాతం నీళ్లకు చేరింది, మిగతాది బకెట్టుకూ, గాలికీ, దారిలో వైర్లకూ పోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త. రాడ్ అడుగు కంటే కింద ఉన్న నీళ్లు చల్లగానే ఉండిపోతాయి, పైన చేయి పెడితే చురుక్కుమంటుంది. ప్లగ్గు పీకి, మగ్గుతో అడుగు నుంచి బాగా కలిపాకే థర్మామీటరు పెట్టండి. మొదటిసారి నేను కలపకుండా కొలిస్తే నూటికి నూరు దాటి వచ్చింది! శక్తి నిత్యత్వ నియమాన్ని మా బాత్రూములో ఓడించానని కాసేపు సంబరపడ్డాను.

మెట్టు 3: కరెంటు ఖర్చవుతుందో లేదో తేల్చుకోండి

"కరెంటు కాలుతోంది, లైట్లు ఆపండి" అంటుంటాం. నిజంగా కాలిపోతుందా?

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు రాడ్ వేయించి, బోర్డు దగ్గర టంగ్ టెస్టర్‌తో చూపించమనండి. బోర్డు మూత మీరు తీయొద్దు. ఫేజు వైరు ఒక్కదాన్నే టంగ్‌లో పట్టిస్తే 6.2 ఆంపియర్లు. న్యూట్రల్ ఒక్కదాన్నే పట్టిస్తే మళ్లీ 6.2. రెండింటినీ కలిపి పట్టిస్తే సున్నా. వెళ్లింది ఎంతో తిరిగి వచ్చిందీ అంతే, ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. పదిహేను లీటర్ల నీళ్లు కాచి వచ్చిన కరెంటులో చుక్క కూడా తగ్గలేదు.

ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ చేసే పని కూడా ఇదే. వెళ్లేదీ వచ్చేదీ నిరంతరం సరిచూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేలోపే, అది ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని లెక్కేసి, లైను తెంచేస్తుంది.

మరి తగ్గిందేమిటి? వోల్టేజీ. ఒక ఆంపియర్ అంటే సెకనుకు ఒక కూలూంబ్ విద్యుత్ ఆవేశం పోవడం. ఒక వోల్టు తేడా దాటే ప్రతి కూలూంబ్ ఒక జౌలు దించుతుంది. సెకనుకు 6.2 కూలూంబ్‌లు, ఒక్కోటీ 218 వోల్టులు దిగుతూ వెళ్తే సెకనుకు సుమారు 1350 జౌళ్లు. మిణుకులు చెప్పిన లెక్కే.

పిండి మర బెల్టును గుర్తు చేసుకోండి. మోటారు దగ్గర నుంచి బెల్టు వస్తుంది, రాయిని తిప్పి వెనక్కి పోతుంది. పిండి ఎంత పట్టినా బెల్టు పొడవు తగ్గదు.

మెట్టు 4: వోల్టేజీ ఎక్కడ పడుతోందో వెతకండి

అమ్మ ప్రశ్నకు జవాబు ఈ మెట్టులోనే ఉంది, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

రాడ్ నిరోధం, అంటే కరెంటుకు అది అడ్డుపడే మేర, సుమారు 35 ఓమ్‌లు. మా ఎక్స్‌టెన్షన్ వైరు పది మీటర్లు, మందం 0.75 చదరపు మిల్లీమీటర్లు. పోనూ రానూ ఇరవై మీటర్ల రాగి. దాని నిరోధం 0.46 ఓమ్. రెండింటిలో పోయేది ఒకే కరెంటు కాబట్టి, 218 వోల్టుల్లో ఎవరి నిరోధం మేరకు వారు పంచుకుంటారు. వైరు వాటా మూడు వోల్టుల లోపే, మిగతాదంతా రాడ్‌దే. శక్తి కూడా అదే నిష్పత్తిలో దిగుతుంది. వైరులో 18 వాట్లు, అదీ పది మీటర్ల పొడవునా పరుచుకుని. అందుకే ముట్టుకుంటే ఏమీ తెలియదు.

ఇప్పుడు ప్లగ్గు సంగతి. లోపలి ఇత్తడి పలక వదులైపోయి, పిన్ను పూర్తిగా ఆనకుండా అంచున తగులుతోంది. అక్కడ అర ఓమ్ నిరోధం వచ్చిందనుకుందాం. 6.2ను 6.2తో గుణించి దాంట్లో సగం తీసుకుంటే 19 వాట్లు. పది మీటర్ల వైరులో ఎంత దిగుతుందో, బియ్యపు గింజంత చోట అంతా దిగుతోంది. సోల్డరింగ్ ఐరన్ చూశారా? సీసం కరిగించే మామూలు ఐరన్ 25 వాట్లది. మేం తెలియకుండా ప్లగ్గులో ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టి, రోజూ పావుగంట నడిపామన్నమాట.

ఇది ఒకసారి మొదలైతే తనంతట ఆగదు. వేడికి ఇత్తడి మీద నల్లటి పొర కడుతుంది, పలక బిగువు ఇంకా తగ్గుతుంది, దాంతో నిరోధం పెరిగి వేడి ఇంకా ఎక్కువవుతుంది. రాడ్ 35 ఓమ్‌లే మొత్తం కరెంటును శాసిస్తున్నాయి కాబట్టి ఈ అర ఓమ్ వల్ల కరెంటు పెద్దగా తగ్గదు. కరెంటు హద్దు దాటితే లైను తెంచే ఎమ్‌సీబీ కూడా పడదు, ఎందుకంటే దాని లెక్కలో అంతా మామూలుగానే ఉంది. మీటరుకు కూడా తెలియదు. నీళ్లకు పోయిన జౌలుకూ ప్లగ్గుకు పోయిన జౌలుకూ ఒకే రేటు.

వైరును చుట్టగా చుట్టి వదిలేసి వాడితే ఇదే ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. పరుచుకోవాల్సిన 18 వాట్లు చుట్ట మధ్యలో ఇరుక్కుంటాయి. ఎక్స్‌టెన్షన్ వైరును పూర్తిగా విప్పి వాడమనేది అందుకే.

పాత ఫిలమెంటు బల్బుల్లో ఒక 60 వాట్లదీ ఒక 100 వాట్లదీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? చాలామంది 100 అంటారు. వెలిగేది 60. దాని నిరోధం ఎక్కువ, కాబట్టి వోల్టేజీలో ఎక్కువ వాటా దానికే పడుతుంది.

మెట్టు 5: ఎలక్ట్రాన్ల నడక లెక్కగట్టండి

ఎలక్ట్రాన్లు బండ్ల లాంటివనీ, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర శక్తిని బస్తాల్లా ఎక్కించుకొచ్చి మన ఇంట్లో దించుతాయనీ చాలామందికి ఒక బొమ్మ ఉంటుంది. మూడో మెట్టులో నేను వాడిన లెక్క కూడా అలాగే వినిపిస్తుంది. లెక్కకు అది సరిపోతుంది, దారి చెప్పడానికి మాత్రం పనికిరాదు.

గోడలో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉందనుకోండి. రాగిలో ఒక ఘనపు మీటరుకు దాదాపు 8.5×10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. అంత గుంపు ఉన్నప్పుడు 6.2 ఆంపియర్లకు ఒక్కోటీ పరుగెత్తక్కర్లేదు. లెక్క వేస్తే డ్రిఫ్ట్ వేగం, అంటే గుంపు మొత్తంగా ముందుకు జరిగే వేగం, సెకనుకు 0.3 మిల్లీమీటర్లు. బ్యాటరీ కరెంటు అయితే ఒక మీటరు జరగడానికి దాదాపు గంట. నత్త నయం.

మన ఇంటి కరెంటు ఏసీ, సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కీ ఊగుతుంది. కాబట్టి ఎలక్ట్రాన్ మీటరు కూడా జరగదు. సగటున ఉన్నచోటే మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాల మేర అటూ ఇటూ ఊగుతుంది. వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు.  మనం బిల్లు కడుతున్నది బయట నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లకు కాదు.

ఏసీకి బెల్టు కంటే కవ్వం మంచి పోలిక. తాడు కవ్వానికి చుట్టి ఉంటుంది, ఒకసారి ఈ చేతివైపు, ఒకసారి ఆ చేతివైపు. తాడు ఎక్కడికీ పోదు. కానీ చేతుల్లోని బలం చల్లలోకి చేరుతూనే ఉంటుంది, వెన్న పైకి తేలుతుంది.

మెట్టు 6: తీగ చుట్టూ ఏముందో ఊహించండి

ఇది కళ్లతో చూసేది కాదు, కాస్త నిదానంగా చదవండి.

ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ ఉంది కాబట్టి ఆ రెండు తీగల మధ్య జాగాలో విద్యుత్ క్షేత్రం ఉంటుంది. తీగలో కరెంటు పోతోంది కాబట్టి దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. ఈ రెండోది చూడాలంటే టార్చి సెల్లుకు చిన్న బల్బు కలిపి, ఆ తీగను దిక్సూచి మీదుగా పెట్టండి, ముల్లు కొద్దిగా కదులుతుంది. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఎర్‌స్టెడ్ గమనించింది ఇదే.

ఈ రెండు క్షేత్రాలూ కలిసి ఉన్న చోట శక్తి ప్రవహిస్తుందని 1884లో జాన్ హెన్రీ పాయింటింగ్ అనే ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. ఆయన లెక్క ప్రకారం శక్తి రాగి లోపలి నుంచి రాదు. తీగల పక్కన ఉన్న జాగాలోంచి, తీగల్ని ఆనుకుని వస్తుంది. తీగ దాన్ని దారి తప్పకుండా పట్టుకొస్తుంది, అంతే. రాడ్ దగ్గరికి చేరాక పక్కల నుంచి లోపలి నిక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన లోహం) తీగ చుట్టలోకి దిగుతుంది. అక్కడ వేడిగా మారి, చుట్ట చుట్టూ కూరిన మెగ్నీషియం ఆక్సైడు పొడిలోంచి, లోహపు గొట్టంలోంచి నీళ్లకు పాకుతుంది.

గదంతా శక్తి పారుతోందా అని భయపడక్కర్లేదు. ఫేజూ న్యూట్రలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ ప్రవాహం దాదాపు అంతా ఆ రెంటి మధ్య కొద్ది మిల్లీమీటర్లలోనే, వైరు మీది ప్లాస్టిక్ తొడుగులోనే జరుగుతుంది.

స్విచ్ వెయ్యగానే రాడ్ పని మొదలుపెట్టేది కూడా ఇందుకే. ఎలక్ట్రాన్ నడిచి రావాల్సిన పని లేదు. స్విచ్ పలకలు తాకిన క్షణం తీగల ఉపరితలం మీద ఆవేశాలు అతి కొద్దిగా సర్దుకుంటాయి. ఆ కబురు వైరు వెంట సెకనుకు రెండు లక్షల కిలోమీటర్ల స్థాయి వేగంతో పోతుంది. ఇరవై మీటర్లు దాటడానికి సెకనులో కోటో వంతు చాలు.

మరి కరెంటు దిశ మారినప్పుడల్లా శక్తి వెనక్కి పోదా? పోదు. వోల్టేజీ తిరగబడితే విద్యుత్ క్షేత్రం తిరగబడుతుంది, అదే క్షణంలో కరెంటు తిరగబడితే అయస్కాంత క్షేత్రం కూడా తిరగబడుతుంది. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్. శక్తి దిశ మాత్రం ఎప్పుడూ మీటరు నుంచి రాడ్ వైపే. అయితే సమానంగా రాదు, సెకనుకు 100 విడతలుగా వస్తుంది, విడతకూ విడతకూ మధ్య ఒక క్షణం సున్నా. చవకరకం ఎల్‌ఈడీ బల్బును ఫోన్ స్లో మోషన్‌లో వీడియో తీయండి, ఆ సున్నాలు కళ్లకు కనిపిస్తాయి.

మెట్టు 7: అనుమానం తీరకపోతే చార్జరు చూడండి

తీగ లోపలి నుంచి రావడం లేదంటే నమ్మబుద్ధి కాదు. నాకూ కాలేదు. నన్ను ఒప్పించింది ఫోన్ చార్జరు.

చార్జరు లోపల 230 వోల్టుల వైపుకూ ఫోన్ వైపుకూ మధ్య తీగ కలిసి ఉండదు. కలిసి ఉంటే ఫోన్ పట్టుకున్న వాడికి షాకే. రెండు వైపుల్నీ విడదీస్తూ బొటనవేలంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అందులో రెండు చుట్టలు, వాటి మధ్య ఇన్సులేషన్ టేపు. ఆ టేపును దాటి ఇంటి వైరింగ్‌లోని ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా ఫోన్లోకి రాదు. అయినా రాత్రి పెడితే పొద్దున్నకు వంద శాతం. టేపును దాటింది క్షేత్రం ఒక్కటే. ఉత్సాహం కొద్దీ చార్జరు విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా అందులో కెపాసిటర్ కొంతసేపు గట్టిగానే కొడుతుంది.

మెట్టు 8: మీటరు దాటి బయటికి

వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ అదే చార్జరుకు పెద్దన్న. 11,000 వోల్టుల చుట్టకూ మన ఇళ్ల వైపు చుట్టకూ మధ్య తీగ కలవదు.

అంత వోల్టేజీ ఎందుకంటే, నాలుగో మెట్టులో చూసిన వర్గం లెక్కే. వైరులో వృథా అయ్యే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భంలో 150 మెగావాట్ల జనరేటర్లు ఆరు ఉన్నాయి. అందులో ఒక్కదాని కరెంటును మన ఇంటి 230 వోల్టుల దగ్గరే పంపాలంటే ఆరున్నర లక్షల ఆంపియర్లు కావాలి. అంత మోసే తీగ ఎవరూ లాగలేరు. అదే శక్తిని 400 కిలోవోల్టుల మూడు ఫేజుల లైనులో పంపితే ఒక్కో తీగలో సుమారు 217 ఆంపియర్లు చాలు.

పొలాల్లో ఇదే లెక్క రైతు నెత్తిన పడింది. ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 415 వోల్టుల లైను దూరం దూరం లాగి బోర్లకు ఇస్తే, చివరి బోరు దగ్గరికి వెళ్లేసరికి వోల్టేజీ పడిపోతుంది. రాడ్ అయితే వోల్టేజీ తగ్గితే తక్కువ కాగి ఊరుకుంటుంది. మోటారు అలా కాదు. నీళ్లు తోడే బరువు అంతే ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ కాలిపోతుంది. పైపులు పైకి లాగడం, రీవైండింగ్, మళ్లీ దించడం, ఆ ఖర్చంతా రైతుదే. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌వీడీఎస్ పద్ధతి తెచ్చారు: 11,000 వోల్టుల లైనునే పొలం దాకా లాగి, రెండు మూడు బోర్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. అదే శక్తికి అదే తీగలో కరెంటు 26 రెట్లు తగ్గుతుంది, వృథా వేడి సుమారు 700 రెట్లు తగ్గుతుంది.

మెట్టు 9: ఈ రోజే చేయాల్సిన తనిఖీ

ఇంట్లో వెయ్యి వాట్లు దాటినవి ఎన్ని ఉన్నాయో చూడండి: ఇస్త్రీ పెట్టె, గీజరు, ఇండక్షన్ స్టవ్, ఏసీ, రాడ్. ఒక్కోటీ పావుగంట నడిపాక స్విచ్ ఆపి, ప్లగ్గు పీకండి. వెంటనే ప్లగ్గు ప్లాస్టిక్ ఒంటి మీద వేళ్లు ఆనించండి. పిన్నులు ముట్టుకోకండి, కాలతాయి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. మూడు సెకన్లు వేళ్లు ఉంచలేకపోతే ఆ జౌళ్లు దారి మధ్యలోనే దిగిపోతున్నాయి. సాకెట్టు రంధ్రాల దగ్గర గోధుమ రంగు, చేప వాసన లాంటి వాసన, పెడితే వదులుగా ఊగే ప్లగ్గు, వీటిలో ఏది కనిపించినా సాకెట్టూ ప్లగ్గూ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే కాలిన పాత పిన్ను కొత్త పలకను కూడా పాడుచేస్తుంది. మేం ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒక్కటే మార్చాం, పది రోజులకు మళ్లీ అదే వాసన.